నలభై ఏడో చుక్క

ల్యూబ్లియానాలో పొగమంచు పదిన్నరకి గానీ లేవదు.
ఆసుపత్రి నేలమాళిగకి ఆ సంగతి తెలీదు.
అక్కడ యెర్నెయా కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని
ఒక తలని పొరలు పొరలుగా విప్పుతూ ఉంటుంది.
ఉల్లిపాయ అనను.
ఉల్లిపాయలో ఎవరూ కాపురం ఉండరు.

మచ్చ ఎడమ కణత వెనక.
ఒక చిత్రంలో మీగడలా తెల్లగా.
అదే చోటు, అదే ఉదయం,
నీటి మెరుపుని అణిచేసే ఇంకో చిత్రంలో
నడుమంతా మసక,
అంచున మాత్రం తెల్లటి చార,
పాలు ఒంపేశాక గిన్నెకి మిగిలినట్టు.
ఈ రెంటికీ ఉన్న తేడాని బట్టి
లోపల ఏ జన్యువు దారి తప్పిందో చెప్పొచ్చంటారు,
కత్తి తగలకముందే.

మూడంతస్తుల పైన మతీయా.
అతను తలలు చూడడు.
తలలోంచి వచ్చిన బియ్యపుగింజంత ముక్క చూస్తాడు.
కరిగించి, వడగట్టి,
ఏ జన్యువు గొంతు చించుకుంటోందో
ఏది గొణుగుతోందో
ఏది నోరు కట్టేసుకుందో
వేల గళ్లలో ఎరుపూ నీలం నింపుతాడు.

ఇద్దరి మధ్యా మెట్లెక్కి దిగేది నేను.
ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్న సామెతే నా ఉద్యోగం.
గోడ ఎక్కడ ఉబ్బిందో చూసి
లోపల పొయ్యి మీద ఏముందో చెప్పాలి.
నూట పన్నెండు తలలు, నూట పన్నెండు చుక్కలు,
వాటి మధ్య నుంచి ఒక గీత.
చుక్కలు చాలామట్టుకు గీత కొంగు పట్టుకునే నడిచాయి.

నలభై ఏడు నడవలేదు.

పేరు తెలియకూడదని నియమం.
తెలిసింది. నేనేం చెయ్యను,
ఆయనే దారి తప్పి నా గదిలోకొచ్చాడు, చేతిలో సీసాతో.
లోవ్రెన్స్, రాదోవ్లిత్సా వైపు తేనెటీగలు పెంచుతాడు.
"డాక్టరమ్మకి... ఇది... పసుపుది," అన్నాడు.
తేనె అన్న మాట అప్పటికే ఆయన్ని వదిలి వెళ్లిపోయింది.

చలికాలం పెట్టె తెరవకుండా
లోపలి సంగతి ఎలా తెలుస్తుందని అడిగాను.
నా బల్లని కణుపుతో తట్టి చెవి ఆనించాడు.
జుమ్మని ఒక్కసారి అని ఊరుకుంటే బాగున్నట్టు.
లేకపోతే...
మాట కోసం గాలిలో వెతికి, దొరక్క,
ఆ చప్పుడే చేశాడు:
తల్లిలేని గూడు తీసే దీర్ఘం,
ఊఁఁఁ అని, ఊపిరి అయిపోయేదాకా.
తర్వాత సిగ్గుపడి నవ్వాడు.
పెట్టె ముందు పలక మీద మావాళ్లు బొమ్మలేస్తారు,
బొమ్మ ఈగలకి ఆనవాలు,
తేనెకి కాదు, అన్నట్టు ఏదో అన్నాడు.
సగం మాటలు నేను పూరించుకున్నాను.

యెర్నెయా చిత్రం నెమ్మదైన జబ్బు అంది.
మతీయా ముక్క కాదంది.
వేలెడు దూరం నుంచి తీసిన రెండో ముక్క
ఇద్దరితోనూ విభేదించింది.
అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు చాలంటారు.
ఈ కుండలో మెతుకు మెతుకుకీ వేరే మంట.

"తీసెయ్, గీత చక్కబడుతుంది," అన్నారు పెద్దాయన.
నిజమే. తీసి చూశాను.
సున్నా పాయింట్ ఆరు ఒకటి
ఆరు ఎనిమిదయింది.
కాసేపు సంతోషించాను కూడా, దాచను.
మళ్లీ పెట్టేశాను.

సీసా కిటికీలో ఉంది, ఫిబ్రవరికి పేరుకుపోయింది.
యెర్నెయాకి ఇవ్వడం మరిచానని ఆమెతో ఇంకా చెప్పలేదు.

నిన్న రాత్రి అందరూ వెళ్లాక
తెర మీద ఆ చుక్కని కణుపుతో తట్టాను.
గాజు చప్పుడే వచ్చింది.
అయినా చెవి
ఇంకాసేపు అక్కడే ఆనించాను.